హెచ్‌ఎఫ్‌సీ ఆరు సీజన్లు: మన బెస్ట్ సైనింగ్ ఎవరు, వరస్ట్ ఎవరు?

నల్లగండ్ల నైన్

మన ఫుట్‌బాల్ టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీ (హెచ్‌ఎఫ్‌సీ) ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యాక ఇక్కడ రాసేవాళ్లే కరువయ్యారు. నిన్న అల్మరా సర్దుతుంటే ఒక పాత టికెట్ దొరికింది. 2019 నవంబరు 2, కేరళ బ్లాస్టర్స్‌తో గచ్చిబౌలిలో మన మొట్టమొదటి హోమ్ మ్యాచ్. ముందు గోల్ తిన్నాం, స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాం, చివర్లో మార్సెలిన్యో ఫ్రీకిక్‌తో 2-1. ఆ టికెట్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. క్లబ్బు పోయిందని ఆ ఆటగాళ్లను కూడా మర్చిపోవాలా?

అందుకే ఈ దారం మొదలుపెడుతున్నా. క్లబ్బు తెచ్చుకున్న ఆటగాళ్లలో ఒక్కొక్కరు ఒక బెస్ట్, ఒక వరస్ట్ చెప్పండి, ఎందుకో రాయండి. మాట్లాడాల్సింది ఆ కొనుగోలు గురించి. ఆటగాణ్ని తిట్టొద్దు. వచ్చే ఆదివారం రాత్రి ఓట్లు లెక్కపెడతా.

నా బెస్ట్ ఓగ్బెచే. 2021లో ముంబై నుంచి మన దగ్గరికి వచ్చేటప్పటికి అతనికి 36 ఏళ్లు. ఈ వయసులో ఎందుకు అన్నవాళ్లలో నేనూ ఉన్నా. ఆ సీజన్లో 20 మ్యాచ్‌లు, 18 గోల్స్, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్, పైగా ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు. 2002లో నైజీరియా తరఫున ప్రపంచ కప్ ఆడిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత మన పసుపు జెర్సీలో లీగ్ మొత్తాన్నీ పరుగులు పెట్టించాడు.

వరస్ట్: బోబో. చెడ్డ ఆటగాడని కాదు. సిడ్నీ ఎఫ్‌సీకి 2017-18లో ఒక్క సీజన్లో 27 గోల్స్ కొట్టాడు. మనం ఆ 27ను చూసి తెచ్చుకున్నాం. ఆ తర్వాత గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పసుపుజెండా

అన్నా, ఓగ్బెచేకి నా ఓటు కూడా వేసుకో. ఈస్ట్ బెంగాల్ మీద 4-0 గెలిచిన మ్యాచ్ యాదుందా? 2022 జనవరి. హ్యాట్రిక్ కొట్టిండు. నాకప్పుడు ఇంటర్ పరీక్షల టెన్షన్, ఫోన్ దిండు కింద పెట్టుకుని సౌండ్ లేకుండ చూసిన. మూడో గోల్‌కి ఆగలేక అరిచిన, అమ్మ లేచొచ్చింది.

వరస్ట్ తర్వాత చెప్త. ఆలోచించాలె.

హ్యూస్టన్ తెలుగోడు

వరస్ట్ నేను చెప్తాను, కొంచెం బాధతోనే. జైల్స్ బార్న్స్.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో హ్యూస్టన్ డైనమో మ్యాచ్‌లకి వెళ్లేవాణ్ని. అప్పుడు బార్న్స్ ఇక్కడే ఆడేవాడు. బలంగా, ధాటిగా ఉండేది ఆట. ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ క్లబ్బులో కుర్రాడిగా పేరు తెచ్చుకున్నవాడు, జమైకా జాతీయ జట్టుకి ఆడినవాడు. 2019లో అతను మన హైదరాబాద్‌కి వస్తున్నాడని చదివి ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా. నేనున్న ఊరి ఆటగాడు నేను పుట్టిన ఊరికి వెళ్తున్నాడు కదా! తీరా చూస్తే గాయాలు వదల్లేదు, గ్రౌండ్‌లో కనిపించిందే తక్కువ.

ఆ మొదటి సీజన్ కొనుగోళ్లన్నీ అలాంటివే. కిల్‌గాలన్ అంటే ఇంగ్లండ్ క్లబ్బులు సండర్‌లాండ్, బ్లాక్‌బర్న్‌లకి ఆడిన డిఫెండర్. పేరు చదివితే గుండె పొంగుతుంది. కానీ ఆగస్టు చివర్లో క్లబ్బు పుట్టి అక్టోబరు 25న కోల్‌కతాలో మొదటి మ్యాచ్ ఆడింది. రెండు నెలల్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని తెచ్చుకున్నారు. ఆ మ్యాచ్ 5-0తో ఓడాం. జనవరిలో కొచ్చిలో 5-1. సీజన్ మొత్తానికి 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, అట్టడుగు.

బెస్ట్‌కి ఆకాశ్ మిశ్రా అందామనుకుంటున్నా. ఇంకా తేల్చుకోలేదు.

హనుమకొండ గోలీ

ఇప్పటికి ముగ్గురు రాశారు. గోల్‌కీపర్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ముప్పై ఏళ్లుగా ఇదే చూస్తున్నా కాబట్టి ఆశ్చర్యం లేదు, కానీ ఈసారి ఊరుకోను.

లక్ష్మీకాంత్ కట్టిమణి. నాకు రెండో ఆలోచన లేదు.

ఓగ్బెచే వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. 2019లో కట్టిమణి వచ్చినప్పుడు ఎవరు రాశారు? అసలు గుర్తుందా ఆయన ఏ బరువు మోసుకుని వచ్చాడో? 2015 ఐఎస్‌ఎల్ ఫైనల్, ఫతోర్దా స్టేడియం. ఆయన సొంత రాష్ట్రం, సొంత జట్టు గోవా. 87వ నిమిషంలో గోవా 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. కప్పు చేతికందినట్టే. 90వ నిమిషంలో బంతి కట్టిమణికి తగిలి సొంత గోల్‌లోకే పోయింది. రికార్డుల్లో ఆయన పేరే రాశారు. ఆ వెంటనే మెండోజా ఇంకోటి కొట్టాడు, చెన్నైయిన్ కప్పు ఎత్తుకుపోయింది. ఒక గోలీకి అంతకంటే పెద్ద దెబ్బ నేనూహించలేను. నేను జిల్లా స్థాయిలో ఒక్క తప్పు చేసి ఏడాదిపాటు నిద్రలో ఉలిక్కిపడేవాణ్ని. ఆయనది దేశమంతా చూసింది.

ఇప్పుడు 2022 మార్చి 20కి రండి. అదే ఫతోర్దా. మళ్లీ ఫైనల్. 68వ నిమిషంలో కేరళకి రాహుల్ గోల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి వాలీ, 1-1. పెనాల్టీలు. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టింది కట్టిమణి ఆపాడు. నిశు కుమార్‌ది ఆపాడు, రిఫరీ మళ్లీ కొట్టమంటే అదీ ఆపాడు. జీక్సన్‌ది ఆపాడు. ఆ తర్వాత మన నర్జారీ కొట్టాడు, 3-1, మనం చాంపియన్లం.

ఏడేళ్ల కిందట ఏ గ్రౌండ్‌లో కుప్పకూలాడో అక్కడే నిలబడ్డాడు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఆ రెండు వీడియోలూ చూపిస్తాను. ముందు 2015, తర్వాత 2022. రెండింటి మధ్యా ఏమీ మాట్లాడను.

వరస్ట్ మీద నాకు పట్టింపు లేదు. ఒకణ్ని తీసుకొచ్చిన తర్వాత ఆడించే బాధ్యత క్లబ్బుదే.

నల్లగండ్ల నైన్

గోలీ గారూ, 2015 సంగతి నాకు తెలియదు. ఇప్పుడే వెతికి చూశాను. ఇప్పటిదాకా ఆ ఫైనల్ అంటే నాకు తవోరా గోలే కళ్ల ముందు మెదిలేది.

లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

హ్యూస్టన్ అన్నయ్య తేల్చుకోలేదన్నారు కాబట్టి నేను తేలుస్తా. ఆకాశ్ మిశ్రానే.

కాలేజీలో మూడేళ్లు లెఫ్ట్ బ్యాక్ ఆడాను. ఆ స్థానం ఎంత ఒంటరిదో ఆడినవాళ్లకే తెలుస్తుంది. ముందుకి పరిగెత్తకపోతే కోచ్ అరుస్తాడు, వెనక్కి రాకపోతే స్టేడియమే అరుస్తుంది. 2020లో ఇండియన్ యారోస్ అనే కుర్రాళ్ల జట్టు నుంచి వచ్చినప్పుడు ఆకాశ్‌కి 18 ఏళ్లు. బలరాంపూర్ కుర్రాడు. కోచ్ మనోలో మార్క్వెజ్ అతన్ని మొదటి మ్యాచ్ నుంచే ఆడించాడు. సీజన్ అవగానే, 2021 మార్చిలో, జాతీయ జట్టులో ఆడాడు. అటువైపు రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్, మధ్యలో గోవా నుంచి వచ్చిన చింగ్లెన్‌సనా. ఈ ముగ్గురి పేరు మీద ఒక్క పెద్ద హెడ్‌లైన్ రాలేదు. వచ్చిన ఏడాదికే అంతకు ముందు అట్టడుగున ఉన్న జట్టు ఐదో స్థానానికి ఎక్కింది.

మొదటి సీజన్లో 39 గోల్స్ తిన్నాం. ఫార్వర్డ్‌ని కొని ఆ కన్నం పూడ్చలేం. ఎవరో ఒకరు వెనక నిలబడాలి కదా.

వరస్ట్ చెప్పాలంటే, కొన్న మనిషి కాదు, ఆశిష్ రాయ్‌ని 2022లో వదిలేయడం. దారం రూల్ ఒప్పుకోకపోతే నా వరస్ట్ ఓటు ఖాళీ.

విశాఖ వింగర్

వదిలేయడం లెక్కలోకి వస్తే లిస్టన్ కొలాసో సంగతి ముందు మాట్లాడాలండి. 2020 జనవరిలో గోవా ఎఫ్‌సీ బెంచీ మీద నుంచి తెచ్చుకున్నాం. వచ్చిన కొన్ని వారాలకే, ఆఖరి మ్యాచ్‌లో నార్త్ఈస్ట్‌ని 5-1తో ఓడించినప్పుడు రెండు గోల్స్ కొట్టాడు. ఎడమ పక్క నుంచి లోపలికి కోసుకొచ్చి కుడి కాలితో కొట్టే ఆ షాట్ కోసం నేను ప్రతి మ్యాచూ చూసేవాణ్ని. మా ఆర్కే బీచ్‌లో ఇసక మీద అలా ప్రయత్నించని సాయంత్రం లేదు.

2021లో కోటి రూపాయలకి కోల్‌కతా క్లబ్బు ఏటీకే మోహన్ బగాన్‌కి ఇచ్చేశారని వార్త. మన దేశంలో క్లబ్బుల మధ్య ఓ భారతీయ ఆటగాడికి అంతకు ముందు అంత ధర పలకలేదని రాశారు. వెళ్లిన మొదటి సీజన్లోనే అక్కడ 8 గోల్స్ కొట్టాడు. నా బెస్ట్ ఓటు అతనికే. కొన్నప్పుడు ఎవరికీ పట్టని కుర్రాడు, అమ్మినప్పుడు రికార్డు. వ్యాపారంగా చూసినా ఆటగా చూసినా అతని కన్నా మంచి కొనుగోలు లేదు.

పసుపుజెండా

వైజాగ్ అన్నా, కోటి వస్తే ఏం చేసుకుంటం? 2023 మార్చిలో మనల్ని సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఆపింది ఎవరు? అదే మోహన్ బగాన్. ఆ టీమ్‌ల లిస్టన్ ఉన్నడు, ఆశిష్ రాయ్ ఉన్నడు. రెండు మ్యాచ్‌లల్ల మనమొక్క గోల్ కొట్టలేకపోయినం. వాళ్లే కప్పు గెలిచిన్రు. ఆ రాత్రి నాకు అన్నం దిగలే.

అమ్ముగూడ పాతకాపు

పిల్లలందరికీ నమస్కారం. నేను చదవడమే గానీ రాయడం తక్కువ. కోల్‌కతా మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మన ఆటగాణ్ని కోల్‌కతా తీసుకుపోవడం లిస్టన్‌తో మొదలవలేదు నాయనా. మా అమ్ముగూడ బస్తీ నుంచి తులసీదాస్ బలరామ్ వెళ్లలేదూ? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు, మరుసటేడే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. అంతకు ముందు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే దేశం హడలేది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన మనుషులు వాళ్లు. నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్... మా నాన్నగారు ఈ పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలాగా చెప్పేవారు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చిన కోచ్ కూడా రహీం సాబే. ఆ మరుసటేడే పోయారు.

నా బాధ ఒకటే. 2022 ఫైనల్ మొదలైనప్పుడు మన పదకొండు మందిలో తెలుగు నేల మీద పుట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా? కట్టిమణిది గోవా, రాయ్‌ది సిక్కిం, చింగ్లెన్‌సనాది మణిపూర్, మిశ్రాది ఉత్తరప్రదేశ్. అందరూ మన బిడ్డలే, వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు గెలిస్తే నేనూ ఏడ్చాను. కానీ ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లనిచ్చిన ఊరు ఇది. ఇక్కడి గల్లీల్లోంచి ఒక్క కుర్రాణ్ని ఆ స్థాయికి తెచ్చుకుని ఉంటే, నా దృష్టిలో అతనే బెస్ట్ సైనింగ్ అయ్యేవాడు.

లేడు కాబట్టి నా ఓటు గోల్‌కీపర్‌కి. హనుమకొండ బాబు రాసింది రెండుసార్లు చదివాను.

హ్యూస్టన్ తెలుగోడు

పెద్దాయనా, ఇలాంటివి మీరు తరచూ రాయాలి. బలరామ్ గారు 2023లో పోయినప్పుడు ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరూ పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నల్లగండ్ల నైన్

ఒక స్పష్టత. ఇద్దరు మనోలో మార్క్వెజ్‌ని బెస్ట్‌గా వేయొచ్చా అని మెసేజ్ చేశారు. వద్దు. ఆయన కోచ్. ఆయన్ని కలిపితే ఇక పోటీ ఉండదు. 2020లో అప్పటి కోచ్ రోకా బార్సిలోనాకి వెళ్లిపోయి మన చేతులు ఖాళీ అయినప్పుడు ఆయన రావడం ఈ ఊరి అదృష్టం. దానికి వేరే దారం పెట్టుకుందాం.

పుణె నుంచి ప్రసాద్

నేను వరంగల్ వాణ్నే, ఉద్యోగం పుణెలో. 2019 దాకా బాలేవాడి స్టేడియంలో పుణె సిటీకి జేజేలు కొట్టేవాణ్ని. అది మూతపడి ఆ స్థానం హైదరాబాద్‌కి వచ్చినప్పుడు నా పరిస్థితి మీకు చెప్పినా అర్థమయ్యేది కాదు. సొంత రాష్ట్రానికి టీమ్ వచ్చిందని సంబరపడాలా, పక్కన కూర్చునే స్నేహితుల ముఖాలు చూసి ఏడవాలా? ఇప్పుడు మీకు అర్థమవుతుందనుకుంటా. విచిత్రమేంటంటే అదే 2019లో ఢిల్లీ డైనమోస్ ఒడిశాకి వెళ్లిపోయింది. ఇప్పుడు మనది ఢిల్లీకి వెళ్లింది.

సైనింగ్‌ల సంగతి. మార్సెలిన్యో, నిఖిల్ పూజారి, ఆశిష్ రాయ్ పుణె నుంచి వచ్చినవాళ్లే. నా బెస్ట్ మార్సెలిన్యో. ఆ మొదటి సీజన్లో చుట్టూ అంతా కూలిపోతుంటే 7 గోల్స్ కొట్టాడు. గెలిచే టీమ్‌లో గోల్స్ కొట్టడం వేరు. ఆ గచ్చిబౌలి ఫ్రీకిక్ లేకపోతే ఈ ఊళ్లో ఎంతమంది రెండో మ్యాచ్‌కి వచ్చేవాళ్లు చెప్పండి?

విశాఖ వింగర్

మరి 2023 వేసవిలో తెచ్చిన విదేశీయుల సంగతి ఎవరూ మాట్లాడరేం? కోస్టారికా నుంచి మోయా, ఫిన్‌లాండ్ నుంచి పెన్నానెన్, ఆస్ట్రేలియా నుంచి నోల్స్, బ్రెజిల్ నుంచి అమోరిమ్. సగం సీజన్‌కే అందరూ వెళ్లిపోయారు. ఒక్క గెలుపు, 8 పాయింట్లు. వరస్ట్ అంటే అదే కదా?

లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

వింగర్ గారూ, దీనికి నేనొప్పుకోను. జీతాల బకాయిల గొడవలు ఫిఫా దాకా వెళ్లి కొత్తవాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. ఆడినదానికి డబ్బు అందని మనిషి వెళ్లిపోతే అతన్ని చెత్త సైనింగ్ అంటామా? మీ ఆఫీసులో మూడు నెలలు జీతం రాకపోతే మీరుంటారా? మోయా ఎలాంటి ఫార్వర్డో మనకి సరిగ్గా తెలిసే లోపలే అంతా అయిపోయింది. ఇంటికి దూరంగా, తెలియని భాష మధ్య ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు వరస్ట్ జాబితాలో చూస్తే నాకు సిగ్గేస్తుంది. దయచేసి మార్చండి.

విశాఖ వింగర్

మీరన్నది నిజమేనండి. వెనక్కి తీసుకుంటున్నా. నా వరస్ట్ కూడా ఖాళీగా ఉంచండి.

పసుపుజెండా

నల్లగండ్ల అన్నా, నా ఓటు మారుస్తున్న. ఓగ్బెచే అంటే పాణం, కానీ లక్ష్మక్క రాసింది చదివినంక ఒక్క మనిషే యాదికొస్తున్నడు.

జువావ్ విక్టర్.

2020ల వచ్చిండు. స్పెయిన్ క్లబ్బు మయోర్కాల ఆడిన మిడ్‌ఫీల్డర్. గోల్స్ లెక్కల్ల కనిపించడు. ఫైనల్ షూటౌట్ల మన మొదటి పెనాల్టీ కెప్టెన్‌గ తనే తీసుకుని తనే కొట్టిండు. 2024 జనవరి తర్వాత ఫారిన్ ప్లేయర్లందరు పోయిన్రు, ఇండియన్ సీనియర్లు కూడ పోయిన్రు. ఈయనొక్కడే ఉన్నడు. చుట్టూ మొత్తం పోరగాళ్లు. వాళ్లల్ల కొందరు నాకన్న చిన్నోళ్లు. ముప్పై అయిదేండ్ల మనిషి వాళ్ల నడుమ నిలబడి చెయ్యి చూపిస్తుంటడు, ఇటు రా, అటు పో అని. చెన్నైయిన్ మీద వాళ్ల గ్రౌండ్ల 1-0 గెలిచినం చూడు, ఆ సీజన్ల మన ఒకే ఒక్క గెలుపు, అది కప్పు గెలిచినదానికంటే తక్కువేం గాదు నాకు.

గచ్చిబౌలికి పోయిన ఆ రోజుల్ల. స్టాండ్లు పలుచన. అరిస్తే మన గొంతు మనకే తిరిగి వినపడేది. ఓడిపోయినంక కూడ పోరగాళ్లందర్ని ఎంటబెట్టుకుని మా దిక్కు వచ్చి చప్పట్లు కొట్టిండు. పైసలు రాని నెలల్ల. ఎవరి కోసం ఉన్నడు చెప్పు?

బెస్ట్: జువావ్ విక్టర్. రాస్కో.

హనుమకొండ గోలీ

కట్టిమణిని కాదని వేసిన ఓటుకి కూడా నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టగలనని అనుకోలేదు.

హ్యూస్టన్ తెలుగోడు

నాదీ జువావ్‌కే. ఆకాశ్, నువ్వు క్షమించాలి. బార్న్స్ విషయంలో మాత్రం మారను.

నల్లగండ్ల నైన్

ఆదివారం రాత్రి. ఇక్కడివి, మెసేజుల్లో వచ్చినవి అన్నీ కలిపి లెక్క.

బెస్ట్: కట్టిమణి 9, జువావ్ విక్టర్ 8, ఓగ్బెచే 6, ఆకాశ్ మిశ్రా 3, లిస్టన్ 2, మార్సెలిన్యో 1. వరస్ట్‌కి వచ్చినవి మొత్తం ఐదు ఓట్లే, అవన్నీ మొదటి సీజన్ వాళ్లకే. చాలామంది లక్ష్మి గారి దారిలో ఖాళీగా వదిలేశారు. కాబట్టి వరస్ట్ ప్రకటించడం లేదు. బోబోకి నేనిచ్చిన ఓటు కూడా తీసేసుకున్నా.

ఒక్క మాట. ఆ తొమ్మిది, ఎనిమిది ఓట్లు పడిన ఇద్దరూ కప్పు గెలిచిన సీజన్లో ఈ ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కోవిడ్ వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఫైనల్ రోజు ఫతోర్దా అంతా పసుపే, కానీ అది కేరళ జనం పసుపు. లీగ్‌లో మనం పైన ఉన్నాం కాబట్టి పసుపు జెర్సీ మనకొచ్చింది, వాళ్ల జట్టు నల్ల జెర్సీలో దిగింది. టీవీలో చూస్తూ ఆ జనమంతా మనవాళ్లే అనుకోవాలని ఎంత ప్రయత్నించానో.

అమ్ముగూడ పాతకాపు

లెక్క బాగా చేశావు నాయనా. ఈ దారం చెరపకు.

హనుమకొండ గోలీ

చెరపొద్దు. ఇంకో విషయం, దీనికి సంబంధం లేకపోతే క్షమించండి. మా దగ్గర కొత్తగా ఒక పదేళ్ల పిల్లాడు చేరాడు. తండ్రి ఆటో నడుపుతాడు. షూటౌట్ వీడియో చూసినప్పటి నుంచి కట్టిమణి కట్టిమణి అంటున్నాడు. హెచ్‌ఎఫ్‌సీ జెర్సీ కావాలట. షాపుల్లో ఇక దొరకదని ఎలా చెప్పను? ఆ సైజు పాతది ఎవరి దగ్గరైనా ఉందా?

పసుపుజెండా

మా తమ్ముని దగ్గర ఉంది సార్, 2022-23ది. వానికి పొట్టయింది. భుజం దగ్గర చిన్న కుట్టు ఉంది, అంతే. వాన్ని అడిగిన, ఇస్తనన్నడు. మీ అడ్రస్ మెసేజ్ పెట్టున్రి, రేపే హనుమకొండ బస్సుకు ఇచ్చి పంపుత.